చలి ముదిరేలోగా కుండీల్లో చివరి పూత: కొరాపుట్ కొండల మీద ఏం చేయాలి

మా వీధిలో మార్గశిరం రెండుసార్లు మొదలవుతుంది. ఒడియా వారి లెక్కలో నెల పౌర్ణమితో ముగుస్తుంది కనుక కార్తిక పౌర్ణమి మర్నాడే వారికి మార్గశిరం వచ్చేస్తుంది. మన లెక్కలో అమావాస్య దాటాలి. పక్కింటి మావుసీ గురువారం తెల్లవారకముందే బియ్యప్పిండితో ఝోటి ముగ్గు వేసి, మాణ (ధాన్యం కొలిచే పాత్ర) నిండా కొత్త ధాన్యం పోసి పూజకు కూర్చునేసరికి మన ఇళ్లలో ఇంకా కార్తిక దీపాలే నడుస్తుంటాయి. ఆ తరువాత మన లక్ష్మీవారాలు, ఆపైన ధనుర్మాసపు గొబ్బెమ్మలు. నవంబరులో మొదలైన పూల అవసరం సంక్రాంతి దాకా తీరదు. సరిగ్గా ఆ రోజుల్లోనే సునాబెడ, సెమిలిగుడ, పొట్టంగి వైపు చలి కుండీలను పట్టుకుంటుంది. చామంతి నిండా మొగ్గలుంటాయి, ఒక్కటీ విప్పదు.

అప్పుడు అందరూ చేసే పని ఒకటే, ఎరువు వేయడం. నేనూ చాలా ఏళ్లు అదే చేశాను. ఆలస్యమైన మొక్కకు కావలసింది తిండి కన్నా ముందు చీకటి, ఎండ, వేళ్లకు కాస్త వెచ్చదనం. ఇంకా ముఖ్యంగా, ఏ మొగ్గ విచ్చుకుంటుందో, ఏది విచ్చుకోదో తేల్చుకునే ధైర్యం మనకు కావాలి.

ముందు మీ చలి ఎప్పుడో తెలుసుకోండి

కొరాపుట్ పట్టణం సముద్ర మట్టానికి దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉంది. రాయగడ 200 మీటర్ల దరిదాపుల్లోనే ఉంటుంది. ఎత్తు 1,000 మీటర్లు పెరిగితే ఉష్ణోగ్రత సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుందన్న లెక్కన, ఈ రెండు ఊళ్ల మధ్య నాలుగు డిగ్రీలకు పైగా తేడా. జయపురం మధ్యలో ఉంటుంది. గుణుపురం, పర్లాకిమిడి వాళ్లు ఈ వ్యాసంలో సగం వదిలేసి చదువుకోవచ్చు, వారి చలి మొగ్గను ఆపేంతది కాదు.

గోడకు తగిలించే మామూలు థర్మామీటరు ఒకటి కొని కుండీల మధ్యే వేలాడదీయండి. ఇంట్లో గోడ మీది లెక్క మొక్కకు పనికిరాదు. తెల్లవారుజామున చూడవలసిన అంకెలు మూడు. 15 డిగ్రీల కిందికి దిగితే మందారం, కనకాంబరం నెమ్మదిస్తాయి. 10 కిందికి దిగితే మందారం మొగ్గలు రాల్చడం మొదలుపెడుతుంది, చామంతి మొగ్గలు కూడా బిగుసుకుపోతాయి. 5 దగ్గరికి వస్తే, మబ్బు లేని రాత్రి ఆకుల మీద మంచు గడ్డకట్టవచ్చు. గాలి ఇంకా 3, 4 డిగ్రీల్లో ఉండగానే ఆకు సున్నాకు చేరగలదు, ఎందుకంటే బట్టబయలు ఆకాశం కింద ఆకు తన వేడిని గాలి కన్నా త్వరగా పోగొట్టుకుంటుంది.

ఒకే ఊళ్లోనూ తేడా ఉంటుంది. చల్లగాలి బరువైనది, రాత్రి నీళ్లలాగే వాలు వెంట పల్లానికి జారి అక్కడ నిలుస్తుంది. వాలు అడుగున ఉన్న పెరటి కంటే నాలుగు మెట్లు పైనున్న అరుగు వెచ్చన.

మొగ్గలు లెక్కపెట్టి, కొన్నిటిని వదిలేయండి

అక్టోబరు చివరి వారంలో ఒక ఉదయం కూర్చుని కుండీ కుండీకీ ఈ పని చేయండి. మనసు రాదు, తెలుసు. కానీ మొక్క దగ్గర ఉన్న సత్తువ కొంతే. దాన్ని నలభై మొగ్గలకు పంచితే నలభై సగం విచ్చిన పూలు వస్తాయి. పదిహేనింటికి పంచితే పదిహేనూ పళ్లెంలోకి వస్తాయి.

చామంతిలో మొగ్గ శనగగింజంత అయ్యాక పూర్తిగా విచ్చుకోవడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది, రాత్రులు చల్లగా ఉంటే ఇంకా ఎక్కువ. అందుకే ఆవగింజంత మొగ్గలు నవంబరు మధ్యలో కనిపిస్తే వాటిని గోటితో గిల్లేయండి. పెద్ద పూల రకాలైతే కొమ్మ చివరి మొగ్గ ఒక్కటి ఉంచి పక్కవన్నీ తీసేయాలి. గుత్తులుగా పూసే చిన్న రకాల్లో పద్ధతి తిరగబడుతుంది. అక్కడ నడిమి మొగ్గను తీసేస్తే చుట్టూ ఉన్నవి ఒకేసారి విచ్చుకుంటాయి. ఈ రెండూ కలగాపులగం చేసి నేనొక ఏడాది చిట్టి చామంతి కుండీలో కొమ్మకు ఒకే ఒక్క పువ్వు పూయించాను. అది చూడటానికి బోసి నెత్తి మీద టోపీలా ఉండేది.

కొమ్మల కొసలు తుంచడం ఇక పూర్తిగా ఆపండి. ఆగస్టులో తుంచితే కొమ్మలు పెరుగుతాయి. అక్టోబరులో తుంచితే మొగ్గ పుట్టే చోటునే తుంచినట్టు.

బంతికి ఇంత ఆలోచన అక్కర్లేదు. వాడిన పువ్వును తొడిమతో సహా తుంచుతూ ఉంటే చాలు. గింజ కట్టిందంటే మొక్కకు తన పని అయిపోయినట్టు లెక్క, కొత్త మొగ్గ వేయదు. విత్తనం కావాలనుకుంటే మంచి పువ్వు ఒకటి రెండు, అదీ ఒకే మొక్క మీద, వదిలేయండి. జినియా, సీతమ్మవారి జడబంతి కూడా ఇంతే.

గులాబీ మన వైపు చలిని ఇష్టపడే మొక్క. అక్టోబరు మొదట్లో కత్తిరించి ఉంటే 45 రోజుల అటూ ఇటూగా పూస్తుంది. ఇప్పుడు నవంబరు చివర ఉంటే మళ్లీ కత్తెర పట్టకండి. పూసిన పువ్వును కింద ఐదాకుల రెమ్మ పైదాకా కోసుకోవడమే కత్తిరింపు.

డాలియా చల్లని పగళ్లను ప్రేమిస్తుంది, గడ్డకట్టే మంచును ఒక్క రాత్రీ భరించదు. దాని పక్క మొగ్గలు తీసేసి, కొమ్మకు పుల్ల కట్టండి.

మల్లె జోలికి అసలు వెళ్లకండి. శీతకాలంలో అది నిద్రపోతుంది. దాన్ని ఇప్పుడు పూయించాలని నీళ్లూ ఎరువూ పోస్తే ఆకు పెరిగి, వేసవి పూత దెబ్బతింటుంది. నీళ్లు తగ్గించి పక్కన పెట్టండి. దాని బదులు డిసెంబరాలు ఉన్నాయి కదా. ఏ సేవా అడగకుండా, పేరులోనే తేదీ పెట్టుకుని పూస్తాయి.

చీకటి అనే ఎరువు

చామంతి పూత రోజు పొడవును బట్టి వస్తుంది. ఖచ్చితంగా చెప్పాలంటే రాత్రి పొడవును బట్టి. ఎడతెగని చీకటి రోజూ పన్నెండు గంటలు దాటిందని తెలిశాకనే అది మొగ్గ గట్టిగా కడుతుంది. మన అక్షాంశంలో జూన్‌లో పగలు 13 గంటలు దాటుతుంది, అక్టోబరుకు 12కు తగ్గుతుంది, డిసెంబరు 22 నాటికి 11కు దిగుతుంది. అంటే ప్రకృతి తన పని తాను చేస్తూనే ఉంటుంది. అడ్డం పడేది మన వరండా బల్బు.

రాత్రంతా వెలిగే దీపం కింద ఉన్న చామంతికి రాత్రి రానే రాదు. మా గేటు పక్కన వీధి దీపం పడే వైపు కుండీ మూడు వారాలు వెనకబడింది. అదే రోజు నాటిన, అదే మట్టి వేసిన రెండో కుండీ ఇంటి వెనక చీకట్లో నిండా పూసింది. నేను దాన్ని తెగులు అనుకున్నాను. మందు కూడా కొట్టాను. పూల రైతులు పాలీహౌసుల్లో ఇదే సూత్రాన్ని తిప్పి వాడతారు. నడిరాత్రి కొన్ని గంటలు బల్బులు వేసి పూతను కావలసిన తేదీ దాకా ఆపుతారు.

కాబట్టి సెప్టెంబరు నుంచి చామంతి కుండీలను దీపం పడని చోటికి మార్చండి. మార్చే వీలు లేకపోతే నాలుగు కర్రలు పాతి, సాయంత్రం ఐదు గంటలకు నల్లని మందపాటి గుడ్డ కప్పి ఉదయం ఏడింటికి తీయండి. రోజూ అదే వేళకు చేయాలి. రెండు రోజులు చేసి ఒక రోజు మరిచిపోతే మొక్క తికమక పడుతుంది. ప్లాస్టిక్ పట్టా వద్దు, లోపల ఉక్కపోసి ఆకులు కుళ్లుతాయి. మొగ్గలో రంగు కనిపించిన రోజు గుడ్డ మానేయవచ్చు. ఆ తరువాత దీపం ఉన్నా నష్టం లేదు.

చీకటి మొదలైన నాటి నుంచి పూత దాకా రకాన్ని బట్టి ఎనిమిది నుంచి పది వారాలు లెక్క వేసుకోండి. అక్టోబరు మొదట్లో మొదలుపెడితే డిసెంబరు మొదట్లో పూలు. నవంబరు మధ్య దాకా మొగ్గ జాడే లేని కుండీకి ఇప్పుడు గుడ్డ కప్పినా జనవరి చలిలోనే పూయాలి. దాన్ని వచ్చే ఏటి పిలకల కోసం ఉంచుకుని, ఈ ఏటికి ఆశ వదలండి.

గులాబీకి, మందారానికి ఈ చీకటి గొడవ లేదు.

ఎండ ఎక్కడ పడుతుందో మళ్లీ చూడండి

ఎండాకాలంలో మంచి చోటు అనుకున్నది చలికాలానికి నీడ పడే చోటు అవుతుంది. డిసెంబరు మూడో వారంలో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణాన 48 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. డాబాకు దక్షిణం వైపు మీటరు ఎత్తు పిట్టగోడ ఉంటే, దాని నీడ మధ్యాహ్నమే 90 సెంటీమీటర్లు పడుతుంది. అందంగా ఉంటుందని పిట్టగోడ పొడుగునా పేర్చిన కుండీలన్నీ రోజంతా నీడలో వణుకుతుంటాయి. వాటిని డాబాకు ఉత్తరం వైపు గోడ ముందుకు, దక్షిణానికి ముఖం పెట్టి తీసుకెళ్లండి. పగలంతా ఎండ తిన్న గోడ రాత్రి ఆ వేడిని కొంత వెనక్కి ఇస్తుంది. ఇటుక గోడ అయితే ఇంకా మేలు.

కుండీలను సిమెంటు నేల మీద నేరుగా పెట్టకుండా చెక్క ముక్కో, రెండు ఇటుకలో వేసి పెట్టండి. నేలలో పెరిగే మొక్క వేళ్లకు చుట్టూ మట్టి రక్షణ ఉంటుంది. కుండీ మొక్కకు ఆ పక్క పలచని గోడ తప్ప ఏమీ లేదు. అందుకే కుండీలను దగ్గర దగ్గరగా చేర్చి, బయటి వరుసకు గోనె సంచి చుట్టాలి. నల్లని ప్లాస్టిక్ కుండీలకు పగటి పూట వేడి త్వరగా ఎక్కుతుంది, అవి బయటి వరుసకు పనికివస్తాయి. పల్చటి మట్టి కుండీలు లోపలి వరుసలో ఉండాలి.

నీళ్లు, తిండి

చలి మట్టిలో వేరు నెమ్మదిగా తాగుతుంది. వేసవి అలవాటుతో రోజూ పోస్తే అడుగున నీళ్లు నిలిచి ఆకులు పసుపు రంగుకు తిరుగుతాయి. చూసినవారు ఆకలి అనుకుని యూరియా వేస్తారు. అక్కడితో కథ ముగుస్తుంది. వేలు మట్టిలో రెండు కణుపులు దించి చూడండి. తడి తగిలితే ఆ రోజు నీళ్లు వద్దు. అలాగని మొగ్గ దశలో బాగా ఎండగట్టనూ కూడదు, మొగ్గల కొసలు మాడిపోతాయి.

పోసే వేళ ఉదయం తొమ్మిది, ఎండ కుండీని తాకిన తరువాత. డాబా మీది ట్యాంకులో రాత్రంతా చల్లబడిన నీళ్లు కాకుండా అప్పుడే తోడిన బావి నీళ్లో బోరు నీళ్లో పోయండి. అవి గోరువెచ్చగా ఉంటాయి. మొదట్లోనే పోయాలి, మొగ్గల మీద కాదు. కుండీల కింద పళ్లేలు ఉంటే ఈ మూడు నెలలు తీసి అటక మీద పెట్టండి.

ఎరువు విషయంలో నా మాట కొంచెం కటువుగా ఉంటుంది. నవంబరులో వేసిన వేపపిండి, వర్మీకంపోస్టు ఈ పూతకు అందవు. వాటిని మొక్క తినే రూపానికి మార్చే సూక్ష్మజీవులు చలిలో మందగిస్తాయి. అవి వేసవి మొక్కకు వేసిన పెట్టుబడి, తప్పు కాదు కానీ ఇప్పుడు ఫలితం అడగకండి. ఇప్పుడు పనికివచ్చేది నీళ్లలో కరిగే పొటాష్. 13-0-45 అనే రకం ఎరువుల దుకాణాల్లో దొరుకుతుంది. లీటరు నీటికి 3 గ్రాముల చొప్పున కలిపి, పది రోజులకోసారి, మొగ్గలో రంగు కనిపించే దాకా తడి మట్టిలో పోయండి. రంగు కనిపించాక అదీ ఆపేయాలి. యూరియా, పచ్చి పేడ నీళ్లు పూర్తిగా మానండి, అవి ఆకును పెంచుతాయి, ఆ లేత ఆకే చలికి మొదట మాడేది. అరటి తొక్కలు నానబెట్టిన నీళ్ల గురించి అడిగేవారికి ఒక్కటే చెబుతాను. తొక్కలను ఎరువు గుంటలో వేయండి, నీళ్లను వృథా చేయకండి.

గడ్డకట్టే రాత్రులు

మబ్బు లేదు, గాలి లేదు, సాయంత్రం ఏడుకే 12 డిగ్రీలు. ఇలాంటి రాత్రి వస్తుందనిపిస్తే పగలే సిద్ధం కావాలి. ఉదయం మట్టిని ఒకసారి బాగా తడపండి. తడి మట్టి పొడి మట్టి కన్నా ఎక్కువ వేడిని దాచుకుని రాత్రి నెమ్మదిగా వదులుతుంది. సాయంత్రం నాలుగున్నరకు, ఇంకా ఎండ వేడి ఉండగానే, కర్రల మీదుగా పాత నూలు చీరో దుప్పటో నేల దాకా వేలాడేలా కప్పండి. కప్పు పని వేడిని పుట్టించడం కాదు, నేల నుంచి లేచే వేడిని పోనివ్వకపోవడం. చెట్టు చుట్టూ గుడ్డను మెడకు కట్టినట్టు బిగిస్తే నేల వేడి లోపలికి రానే రాదు.

గుడ్డ ఆకును తాకకూడదు. ఒకసారి తొందరలో పాలిథీన్ షీటు నేరుగా చామంతుల మీద పరిచి పడుకున్నాను. తెల్లారి చూస్తే షీటు తగిలిన ప్రతి కొసా నల్లబడింది, తగలనివి నిక్షేపంగా ఉన్నాయి. ఎవరో ఇస్త్రీ పెట్టెతో గీత గీసినట్టు. ఎండ రాగానే, ఎనిమిదింటికల్లా, కప్పు తీసేయాలి. మరిచిపోయి ఆఫీసుకు వెళితే మధ్యాహ్నానికి లోపల ఉడికిపోతాయి.

కప్పు కింద కిరోసిన్ దీపం, బొగ్గుల కుంపటి పెట్టే అలవాటు కొందరికి ఉంది. గుడ్డ అంటుకున్న ఇల్లు నేను చూశాను, వద్దు. కనకాంబరం, మందారం కుండీలు మూడు నాలుగే ఉంటే వాటిని రాత్రికి వసారాలోకి తెచ్చుకోవడమే సుఖం. కనకాంబరం ఆకులు ఎర్ర ఊదాగా మారితే అది చలి గుర్తు, తెగులు కాదు. తెల్ల చామంతి రేకులకు లేత గులాబీ రంగు దిగడమూ అంతే. మా మావుసీ ఆ రంగు చామంతులనే లక్ష్మమ్మకు ప్రత్యేకంగా ఏరుకుంటుంది.

పొగమంచు, పురుగు, తుపాను

పొట్టంగి లోయ మీదుగా వచ్చే పొగమంచు ఉదయం పది దాకా కదలదు. రేకుల మధ్య నీరు నిలిస్తే పువ్వు గోధుమ రంగుకు తిరిగి కుళ్లుతుంది. కుండీ అంచు పట్టుకుని మెల్లగా కుదిపి నీళ్లు రాల్చండి, కుళ్లిన పువ్వును వెంటనే తీసి దూరంగా పారేయండి. గులాబీ, జినియా, డాలియా ఆకులపై తెల్లని పొడి కనిపిస్తే అది బూడిద తెగులు. నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు పిచికారీ చేస్తే అదుపులోకి వస్తుంది. చామంతి మొగ్గల కింద పేనుబంక గుంపు కడితే వేపనూనె 5 మిల్లీలీటర్లు, రెండు చుక్కల సబ్బు నీళ్లు, లీటరు నీటిలో కలిపి కొట్టండి. ఈ రెండింటినీ కలపకండి. ఒకటి కొట్టాక రెండు వారాలు ఆగకుండా రెండోది కొడితే ఆకులు కాలతాయి.

అక్టోబరు మన దగ్గర తుపానుల నెల. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటాయి, రెండూ మొగ్గ దశ రోజులే. హెచ్చరిక వినగానే ఎత్తు మొక్కలను పక్కకు పడుకోబెట్టి, చూరు కిందికి చేర్చండి. నిలబెట్టి కర్రలు కట్టడం కన్నా పడుకోబెట్టడం మేలు.

కడియం నుంచి వచ్చిన కుండీలు

సాలూరు ఘాటు ఎక్కి లారీల్లో కడియం మొక్కలు వస్తాయి. గోదావరి వెచ్చదనంలో పెరిగి ఒక్క రాత్రిలో తొమ్మిది వందల మీటర్ల పైకి చేరిన మొక్క అది. దించగానే డాబా మీద పెట్టకండి. వారం రోజులు వసారాలో రాత్రి, బయట పగలు ఉంచి అలవాటు చేయండి. కొనేటప్పుడు పచ్చి మొగ్గలు ఎన్ని ఉన్నాయని కాదు, రంగు తొంగిచూస్తున్నవి ఎన్ని ఉన్నాయో చూడండి. నవంబరు దాటాక పచ్చి మొగ్గల కుండీకి సగం ధర కూడా ఎక్కువే. కుండీ మార్చాలన్న తొందర వద్దు, వేరు కదిలిస్తే మొగ్గ రాలుతుంది.

ఇక బయట విచ్చుకోవు అనిపిస్తే

డిసెంబరు మూడో వారానికి రంగు చూపి ఆగిపోయిన కొమ్మలను కోసి లోపలికి తెచ్చుకోవచ్చు. ఉదయాన్నే పదునైన కత్తితో ఏటవాలుగా కోసి, కింది ఆకులు దులిపి, లీటరు నీటికి 20 గ్రాముల చక్కెర, చెంచాడు నిమ్మరసం కలిపిన గిన్నెలో పెట్టండి. రెండు రోజులకోసారి నీరు మార్చి, కొస కొంచెం కత్తిరించాలి. చామంతి, గులాబీ, నేల సంపెంగ కొమ్మలు ఇలా విచ్చుకుంటాయి. బంతి, డాలియా పచ్చి మొగ్గలు విచ్చుకోవు, వాటి మీద చక్కెర వేయడం చీమలకు విందే.

పూత అయ్యాక చామంతిని మట్టికి జానెడు ఎత్తులో కోసేయండి. నీళ్లు తగ్గించి, ఎండ తగిలే చోట వదిలితే మొదట్లోంచి పిలకలు లేస్తాయి. ఫిబ్రవరిలో వాటిని విడదీసి నాటుకోవాలి. డాలియా కొమ్మలు వాడాక దుంపలు తవ్వి, నీడన ఆరబెట్టి, పొడి ఇసుకలో దాచండి. పిలకల్లో రెండు మావుసీకి, రెండు జయపురంలో ఉన్న మా పిన్నికి పంపుతాను. అక్కడ ఘాటు కింద రెండు వారాలు ముందే పూస్తాయని ఆవిడ ఫోను చేసి మరీ చెబుతుంది.